వేట బంద్‌లో మా ఇంటి పండగలు

నేను రొయ్యల షెడ్డు నుంచి ఇంటికొచ్చేసరికి మా ఇంట్లో అందరూ చొక్కాలు తిరగేసి తొడుక్కుని, గుండీలు వీపు మీదికి పెట్టుకుని, వెనక్కి వెనక్కి నడుస్తా ఉండారు. పొయ్యి మీద పొద్దుగూకేటప్పుడు ఇడ్లీ ఉడుకుతా ఉండాది. రాత్రికని నేను పొద్దన్నే చేసి పెట్టిపోయిన చేపల పులుసు గిన్నె మాత్రం నాకేసినట్టు శుభ్రంగా ఉండాది.

"అమ్మా, ఇయ్యాళ తిరగేసిన రోజు! పొద్దన పులుసన్నం, రాత్రికి ఇడ్లీ! నువ్వు కూడా వెనక్కి నడువు!" అంటాడు మా గిరిబాబు. ఒకటో తరగతి చదివే వెధవ. వాడి పక్కన వాళ్ళక్క వినీల. వాడి వెనకాల మా ఆయన హజరత్తయ్య, తల నెరుస్తున్న మనిషి, పళ్ళికిలిస్తా నిలబడినాడు.

ఒళ్ళు మండదా? పొద్దస్తమానం ఐసు నీళ్ళలో చేతులు పెట్టి రొయ్యలు ఒలిచి, వేళ్ళు కొంకర్లు పోయి ఇంటికి వస్తే, వెనక్కి నడవాలంట. నడిచినా. వెనక్కే నడిచి పోయి అరుగు మీద కూలబడినా. "ఇల్లు పీకి పందిరేస్తుండారు, ముగ్గురూ కలిసి" అని అరిచినా. ఎవురికి పట్టింది?

వేట బంద్ అంటే తెలియని వాళ్ళకి చెప్తుండా. ఏప్రిల్ నడిమి నుంచి జూన్ నడిమి దాకా చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు బోట్లని సముద్రంలోకి పోనియ్యదు. ఆ రెండు నెలలూ మా జువ్వలదిన్నెలో మగోళ్ళు ఒడ్డున కూర్చుని వలలు బాగుచేసుకుంటారు, పేకాడుకుంటారు, లేదంటే పడి నిద్రపోతారు. మా ఆయన ఒక్కడే పండగలు చేస్తాడు. క్యాలెండర్లో ఉండే పండగలు గాదు. ఆయన బుర్రలో పుట్టేవి.

ఆ మనిషి గురించి న్యాయంగా చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాల. అయిదో తరగతి పరీక్షలు రాసిన ఎండాకాలం వాళ్ళ నాయన చెయ్యి పట్టుకుని బోటెక్కినాడు. అంతే, మళ్ళా బడి మొహం చూడలా. ఆ తర్వాత మద్రాసు పొయ్యి కాశిమేడులో పెద్ద బోట్ల మీద కుదురుకున్నాడు. పోతే పది పన్నెండు రోజులు నీళ్ళ మీదే. ఒకసారి దీపావళికి సముద్రంలో ఉంటే, దూరంగా ఒడ్డున టపాకాయల వెలుగు కనపడిందంట గానీ చప్పుడు వినపడలేదంట. చిన్నపిల్లోడు, ఆ చప్పుడు కోసం ఏడ్చినాడంట. ఈ సంగతి పెళ్ళైన కొత్తలో నాకు చెప్పినప్పుడు నేనూ ఏడ్చినా. ఇప్పుడు ఏడవను. ఏడ్చి ఏడ్చే ఆయన్ని నెత్తికెక్కించుకున్నా.

మూణ్ణెల్లకో, నాలుగు నెల్లకో ఒకసారి ఇంటికొచ్చి, రెండు రోజులుండి, ఆ రెండు రోజులూ గుర్రు పెట్టి నిద్రపొయ్యి వెళ్ళిపోతాడు. మూడేళ్ళ నాడు వేట బంద్‌కి వస్తే, గుమ్మంలో ఆయన్ని చూసి గిరిబాబు లోపలికి పరిగెత్తి నా చీర పట్టుకున్నాడు. "అమ్మా, ఎవురో మనిషి వచ్చినాడు" అన్నాడు. మా ఆయన చేతిలో మిక్చరు పొట్లం అట్నే ఉండిపోయింది. నాకు ఆ క్షణాన భూమిలోకి పోవాలనిపించింది. "నీ నాయనరా" అంటే వాడు నమ్మలా. వినీల అప్పటికే బళ్ళో చదువుతుండాది కాబట్టి గుర్తుపట్టింది, అయినా ఎవురో బంధువు వచ్చినట్టు దూరంగా నిలబడి "బాగుండావా నాయనా" అనడిగింది.

మర్నాడు ఆయన రెండు బతికున్న ఎండ్రకాయల్ని పట్టుకొచ్చి వాటికి పెళ్ళి చేసినాడు. మగదానికి కాగితం తలపాగా, ఆడదానికి నా పాత చీర అంచు. వీధిలో పిలకాయలందరూ పెళ్ళివారు. తాళి కట్టించేటప్పుడు పెళ్ళికొడుకు మా ఆయన బొటనవేలు పట్టుకుని వదల్లా. ఆయన గెంతుతుంటే పిలకాయలు పడీపడీ నవ్వినారు. ఆ నవ్వులో గిరిబాబు మొదటిసారి పొయ్యి వాళ్ళ నాయన మెడకి చుట్టుకున్నాడు. అంతా బాగానే ఉండాది. కానీ నేను సాయంత్రం షెడ్డు నుంచి వచ్చి చూస్తే ఇంట్లో కూరకి ఏమీ లేదు, బకెట్టులో రెండు ఎండ్రకాయలు ఉండాయి. తలపాగా, చీర అంచు ఎప్పుడో ఊడిపొయినాయి, నాకేం తెలుసు అవి కొత్త దంపతులని? ముక్కలు చేసి పులుసు పెట్టినా. అన్నం ముందు కూర్చుని గిరిబాబు, "అమ్మ చంపేసింది నాయనా, అమ్మ చంపేసింది" అని ఊరంతా వినపడేటట్టు ఏడ్చినాడు. ఆ రోజు మొదలు. ఆయన పండగల నాయన, నేను చంపే అమ్మ.

ఫోను కొన్నాక ఇంకా ముదిరింది. ఏ దేశంలో ఏ రోజు ఏం చేసుకుంటారో అందులో చూస్తాడు. "కామాక్షీ, ఇయ్యాళ ప్రపంచ తాబేళ్ళ రోజంట!" అని నిద్ర లేపుతాడు. వెంటనే పిలకాయలిద్దరి వీపులకీ చాటలు కట్టి ఇసకలో పాకిస్తాడు. ఆ చాటల్లో ఇసక దులిపి బియ్యం చెరుక్కునేది నేను. గొడుగుల రోజని ఇంట్లోపల కూడా గొడుగులేసుకుని తిరిగి సీలింగు ఫ్యాను రెక్క వంచినారు. ఆ ఉక్కలో వారం రోజులు విసనకర్రతో ఊపింది కూడా నేనే.

పది నెలలు వాళ్ళ ముక్కులు చీది, జొరం వస్తే తడిగుడ్డ వేసి, ఎక్కాలు అప్పజెప్పించుకుని, పేన్లు దువ్వి, వెనకబడి తిట్టి కొట్టి బడికి తోలేది నేను. ఈయన రెండు నెలలకి వచ్చి దేవుడైపోతాడు. పక్కింటి చెంచులక్ష్మక్కతో చెప్పుకుంటే, "నీ మొగుడు బంగారం మే. మా ఇంటాయన బంద్‌లో తాగి ఒడ్డున పడుంటాడు" అంటాది. బంగారమే అక్కా, ఎవురు కాదన్నారు? ఆ బంగారం అంట్లు తోమదు.

ఇదంతా ఎట్టనో భరించినా. ఈ ఏడు మాత్రం భరించలేకపొయ్యినా. ఎందుకంటే ఈ ఏడు వినీలకి గురుకులంలో అయిదో తరగతి సీటు వచ్చింది.

నేను ఏడో తరగతి మధ్యలో బడి మానేసి షెడ్డులో చేరినా. నా చేతులు చూస్తే ఎవురికైనా తెలుస్తాది. ఐసుకి, ఉప్పునీళ్ళకి గోళ్ళ పక్కన చర్మం ఎప్పుడూ పచ్చిగానే ఉంటాది, అన్నం కలుపుకుంటే కారం తగిలి మండుతాది. వినీల చేతులు అట్టా గాకూడదు. నాకు బంగారం వద్దు, మిద్దె వద్దు, ఇదొక్కటే కోరిక. ఏడాది పొడుగునా ఆ ప్రవేశ పరీక్షకి దాన్ని కూర్చోబెట్టి చదివించినా. నేను చేపలు తోముతా లెక్క చెప్తే, అది ఇసకలో వేలితో చేసి చూపించేది. సీటు వచ్చినట్టు ఫోనుకి కబురు రాంగానే షెడ్డులో అందరి ముందూ కేక పెట్టినా. మేస్త్రీ తిట్టినాడు. తిట్టనీ అనుకున్నా.

ఇంటికి ఉరుక్కుంటా వచ్చి మా ఆయనకి చెప్పినా. "అట్నా" అన్నాడు. కాసేపు చూరు వైపు చూసినాడు. ఆనక పిలకాయల వైపు తిరిగి, "రేపు మామిడి టెంకల పండగరా! ఎవురు టెంకని తెల్లగా చీకితే వాళ్ళే రాజు" అన్నాడు.

నాకు అప్పుడే అర్థమయ్యుండాల. కాలా. బళ్ళో టీసీ తెచ్చుకోవాల్సిన రోజున మామిడి టెంకల పండగ. ట్రంకు పెట్టె కొనడానికి పోదామన్న రోజున వాన రాకపోయినా వాన పండగ, బకెట్లతో నీళ్ళు పోసుకోవడం. వద్దు అని ఒక్క మాట అనడు. అంటే నేను ఎదురు చెప్తా గదా! నవ్వతా, గెంతతా, రోజు దాటించేస్తాడు.

అన్నిటికన్నా ఘోరం సైగల పండగ. బోటు మీద ఇంజను మోతకి మాట వినపడదు కాబట్టి వాళ్ళు చేతుల్తోనే మాట్లాడుకుంటారు. వల లాగమంటే రెండు పిడికిళ్ళు గుండెకేసి గుంజుకోవడం, ఆపమంటే అరచెయ్యి నెత్తిన పెట్టుకోవడం. ఆ సైగలన్నీ పిలకాయలకి నేర్పించి, ఒక రోజంతా ఎవురూ నోరు తెరవకూడదని పెట్టినాడు. ఆ రోజే మేము కావలి ఆస్పత్రికి పొయ్యి గురుకులానికి కావాల్సిన ఆరోగ్య కాయితం తెచ్చుకోవాల. "ఏమయ్యా, ఇయ్యాళే పెట్టాలా నీ పండగ?" అంటే అరచెయ్యి నెత్తిన పెట్టుకున్నాడు. బిడ్డని నేనే లాక్కుని బస్సెక్కినా. ఆస్పత్రిలో డాక్టరమ్మ "నీ పేరేంటమ్మా" అనడిగితే, వినీల ఆమె మొహంలోకి చూస్తా రెండు పిడికిళ్ళతో వల లాగమని సైగ చేసింది. డాక్టరమ్మ పాపం నా వైపు తిరిగి, "పుట్టుకతోనే మాటలు రావా?" అని మెల్లగా అడిగింది. అక్కడే దాని వీపున ఒకటి ఇచ్చినా. అప్పుడు "వినీల" అని అరిచింది. కాయితం వచ్చింది గానీ నా పరువు పొయ్యింది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి నేను మొదలుపెట్టినా. "నీకు బిడ్డ చదువు ఇష్టం లేదా? లేకపోతే లేదని చెప్పు. ఈ కోతిచేష్టలెందుకు?"

ఆయన వల అల్లే సూది కింద పెట్టినాడు. "నేను ఎవురో మనిషిని కామాక్షీ. ఏడాదిలో ఈ రెండు నెలలే నాయన్ని. అది హాస్టలుకి పోతే ఆ రెండు నెలలు కూడా ఉండవు. నాకు ఇంకేం మిగుల్తాది?" అంటా కళ్ళు తుడుచుకున్నాడు.

నాకు జాలి వేసింది. అబద్ధం ఎందుకు చెప్పాల, జాలి వేసింది. కానీ దానికంటే కోపం ఎక్కువ వచ్చింది. "నీకు మిగిలేదాని కోసం అది రొయ్యలు ఒలవాలా?" అన్నా. మూల నుంచి వినీల అందుకుంది: "నేను పోను అమ్మా. అక్కడ నాయన పండగలు ఉండవు." ఏడాది నా పక్కన కూర్చుని లెక్కలు చేసిన బిడ్డ, రెండు టెంకలు చీకి అటు పక్కకి పొయ్యింది.

చేరాల్సిన రోజు రానే వచ్చింది. ఆ రోజు పోకపోతే సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. వేట బంద్ ఇంకా రెండు రోజులుండాది. తెల్లారి లేచి చూస్తే ట్రంకు పెట్టె గుమ్మం కాడ ఉండాది, వినీల లేదు, మా ఆయన లేడు. గిరిబాబు ఒక్కడే దుప్పట్లో మొహం దాచుకోని ఉండాడు.

"యాడికి పొయినార్రా?"

"నాయన చెప్పొద్దన్నాడు."

వాడి చెవి మెలిపెట్టినా. చెప్పేసినాడు. బోటు పుట్టినరోజంట. ఒడ్డుకి పోయినారంట.

వాణ్ణి ఈడ్చుకుంటా ఒడ్డంతా వెతికినా. ఇసకలోకి లాగి పెట్టిన పడవలు ఎన్ని ఉంటాయి! ఒక్కోదాని చాటుకీ పొయ్యి చూసేసరికి ఎండ నెత్తికొచ్చింది. కనపడిన వాళ్ళందర్నీ అడిగినా. "బస్సుకి పోలేదా ఇంకా?" అని వాళ్ళు నన్నే ఎదురడిగినారు. చివరికి ఆ కొసన ఒక పాత పడవ నీడలో దొరికినారు. పడవకి పసుపు బొట్లు పెట్టి, బొరుగులూ బెల్లం పంచుకుని తింటా ఉండారు.

నన్ను చూసి మా ఆయన లేచి నిలబడినాడు. ఎండ వైపు చూసినాడు. "ఇంక లాభం లేదులే కామాక్షీ. పొద్దెక్కిపొయ్యింది. ఈపాటికి వేరేవాళ్ళని ఎక్కించుకోనుంటారు" అన్నాడు. ఆ గొంతులో బాధ ఒకటీ, హమ్మయ్య అన్నది ఇంకోటీ, రెండూ వినపడినాయి నాకు.

అప్పుడు తెలిసింది ఆ మహానుభావుడి లెక్క. కాశిమేడులో తెల్లారుజామున బోటు కాడికి నువ్వు రాకపోతే, గట్టు మీద నిలబడిన ఇంకొకణ్ణి ఎక్కించుకుని వెళ్ళిపోతారు. ఎందుకు రాలేదని ఎవురూ అడగరు, తప్పు పట్టరు. గురుకులం కూడా అంతే అనుకున్నాడు! పొద్దు పొడిచేదాకా బిడ్డని ఒడ్డున ఉంచితే చాలు, సీటు దానంతట అదే పోతాది, ఎవురితో గొడవా లేదు. ఒక్కర్ని అడిగితే గదా తెలిసేది!

"సాయంత్రం దాకా టైముందయ్యా!" అని గొంతు చించుకుని అరిచినా. "అది బోటు గాదు, బడి! సాయంత్రం దాకా చేర్చుకుంటారు!"

నేను ఇంకా ఏమేం అన్నానో నాకే గుర్తులేదు. నీ పండగలు సముద్రంలో కలిసిపోను అన్నా, బిడ్డ గొంతు కోస్తుండావు అన్నా. మధ్యలో వినీల బొరుగుల పొట్లం కింద పెట్టి వాళ్ళ నాయన వైపు చూసింది.

"నాయనా, ఇయ్యాళ నిజంగా బోటు పుట్టినరోజు గాదా?"

ఆయన పడవకి పెట్టిన పసుపు బొట్టు వేలితో తుడిచినాడు.

"నేను పోకూడదని పెట్టినావా పండగ?"

తల దించుకున్నాడు. వినీల లేచి, గౌనుకి అంటుకున్న ఇసక దులుపుకుని, నా చెయ్యి పట్టుకుంది. "పోదాం పద అమ్మా" అన్నది. గెలిచినట్టే గదా నేను? అయినా ఆ బిడ్డ మొహం చూసి నాకు సంతోషం రాలా. ఇంటికి వచ్చినాక మా ఆయన ట్రంకు పెట్టె భుజాన పెట్టుకున్నాడు.

కోవూరులో బస్సు మారి, బుచ్చి దాటి, సంగం దాటి పోయేసరికి మధ్యాన్నం తిరిగిపొయ్యింది. గురుకులంలో రెబెక్కమ్మ మేడం అని ఒకామె కాయితాలన్నీ చూసి, సంతకాలు పెట్టించుకుని, నెమ్మదిగా అన్నీ చెప్పింది. నెలకి ఒక ఆదివారం వచ్చి చూసుకోవచ్చంట. దసరాకి కొద్ది రోజులు పంపిస్తారంట. "ఎండాకాలం సెలవులు మాత్రం పూర్తిగా ఇంటిదగ్గరేనమ్మా. ఏప్రిల్ నెలాఖరు నుంచి జూన్‌లో బళ్ళు తెరిచేదాకా."

అప్పటిదాకా గోడకి ఆనుకుని చచ్చినట్టు నిలబడిన మా ఆయన ఉలిక్కిపడినాడు. "ఏప్రిల్ నెలాఖరా మేడం? జూన్ దాకానా?" అని మళ్ళీ అడిగించుకున్నాడు. అవునన్నది ఆమె. "కామాక్షీ! వేట బంద్ అంతా ఇంట్లోనే ఉంటాది గదే!" అని కేక పెట్టి బిడ్డని ఎత్తుకున్నాడు. అది మొదట మొహం తిప్పుకుంది. ఆయన దాని చెవిలో ఏదో చెప్పి, రెండు చేతులూ జోడించి తప్పైపోయిందన్నాడు. అది నవ్వేసింది. "ఇంకెప్పుడూ దొంగ పండగ పెట్టవాకు" అన్నది. "ఒట్టు" అన్నాడు. ఆఫీసు గదిలో నిలబడే వచ్చే ఏడుకి పండగలు ఒప్పుకున్నారు. ఈ ముక్క ముందే తెలిసుంటే నేనెందుకు అడ్డం పడతా అని మేడంతో కూడా చెప్పినాడు. ఆమె నవ్వింది. ఆ సెలవుల సంగతి నాకూ అప్పటిదాకా తెలియదు, నేనూ నవ్వినా.

గేటు కాడ వినీల ఏడవలా. చెయ్యి ఊపి, వేరే పిలకాయలతో కలిసి లోపలికి పొయ్యింది.

తిరుగు బస్సులో గిరిబాబు నా ఒళ్ళో నిద్రపొయినాడు. మా ఆయన కిటికీ పక్కన కూర్చుని ఒకటే మాటలు. వచ్చే ఏడు రొయ్యకి బారసాల చేస్తాడంట. వినీల ఇంగిలీషులో పేరు పెట్టాలంట. నేను ఊ కొడతా ఉండా. రేపు షెడ్డు వ్యాను దిగి ఇంటికి పోతే ఏముంటాదా అని ఆలోచిస్తా ఉండా. సందు మొదట్లో నిలబడి నా క్యారేజీ అందుకునే బిడ్డ ఉండదు. నేను పొయ్యి రాజేస్తుంటే పక్కన కూర్చుని, బళ్ళో ఎవురు ఎవుర్ని కొట్టిందీ చెప్పే బిడ్డ ఉండదు. జడ వేసుకోమని అరవడానికి కూడా ఉండదు. తిట్టేదాన్ని, కొట్టేదాన్ని, అయినా నా పక్కలోనే పడుకునేది. ఏడుపు ఆగలా నాకు. పమిట నోట్లో కుక్కుకున్నా.

ఆయన మాటలాపి నా వైపు తిరిగినాడు. "ఏందే? సీటు కావాలన్నది నువ్వే గదా, ఇప్పుడెందుకు ఏడుపు? ఎండాకాలానికి వచ్చేస్తాది గదా!"

"వస్తాది" అన్నా. "నీకు వస్తాది. నీకేం తగ్గిందయ్యా? నీ రెండు నెలలూ నీకు అట్నే ఉండాయి. పొయినవి నా పది నెలలు."

కోవూరు వచ్చింది. బస్సు దిగేటప్పుడు ఆయన నా ఒళ్ళో నుంచి గిరిబాబుని తీసుకుని భుజాన వేసుకున్నాడు. బంద్ అయిపోతానే ఆయన మద్రాసు బస్సెక్కుతాడు.